హామ్ మొదటి అప్పు చేసింది బావి కోసం కాదు

ప్రశ్న: నా వయసు 37. హెచ్‌1బీ వీసా మీద హ్యూస్టన్‌లో ఒక చమురు కంపెనీలో పనిచేస్తున్నాను. 401కె (ఉద్యోగుల రిటైర్మెంట్ పొదుపు) ఖాతాలో 1.6 లక్షల డాలర్లు, చేతిలో 22 వేలు ఉన్నాయి. కాంటినెంటల్ రిసోర్సెస్ అనే చమురు కంపెనీ పెట్టిన హారాల్డ్ హామ్ గురించి చదివాక నేనూ ఏదైనా చేయాలనిపిస్తోంది. తెలిసినాయన ఒకరు పశ్చిమ టెక్సాస్‌లో తవ్వబోయే బావిలో 75 వేల డాలర్లకు వాటా ఇస్తానంటున్నారు. 401కె నుంచి 50 వేలు అప్పు తీసుకుని, మిగతాది తెనాలి దగ్గర నాన్నగారి పొలం తాకట్టు పెట్టి సర్దుదామని ఆలోచన. మొదటి ఏడాదే పన్ను బాగా తగ్గుతుందంటున్నారు. పెట్టవచ్చా?

జవాబు: వద్దండీ. కనీసం ఈ పద్ధతిలో వద్దు.

హామ్ కథ నాకూ ఇష్టమే. ఓక్లహోమాలో కౌలుకు పత్తి పండించే కుటుంబం, 13 మంది పిల్లల్లో ఆఖరివాడు. కానీ ఇరవై దాటిన కొత్తలో ఆయన అప్పు చేసింది ఒక ట్రక్కు కోసం. బావుల దగ్గర నీళ్లు తోలడం, ట్యాంకులు కడగడం పని. బావిలో చమురు పడినా పడకపోయినా ట్రక్కు కిరాయి వస్తుంది. 1967లో కంపెనీ పెట్టిన మనిషి మొదటి బావి తవ్వించింది 1971లో. ఆ మధ్య నాలుగేళ్ల గురించి ఎవరూ పెద్దగా చెప్పుకోరు. మీకు పనికొచ్చేది మాత్రం అదే.

అంత అనుభవం ఉన్నవాడికీ ధర అంతు చిక్కలేదు. 2014 నవంబరులో, చమురు ధర ఇక తగ్గదన్న నమ్మకంతో, అమ్మకపు ధరను ముందే ఖాయం చేసే హెడ్జింగ్ ఒప్పందాలను హామ్ కంపెనీ వదిలించుకుంది. అప్పుడు బ్యారెల్ 80 డాలర్ల దగ్గర ఉంది. 2016 ఫిబ్రవరికి 30 కంటే కిందికి దిగింది. అదే రాష్ట్రానికి చెందిన ఆబ్రీ మెక్‌క్లెండన్ సంగతి ఇంకా కష్టం. చీసపీక్ ఎనర్జీ అనే గ్యాస్ కంపెనీ వ్యవస్థాపకుల్లో ఒకడు. సొంత షేర్లు పూచీ పెట్టి అప్పు తెచ్చి, మళ్లీ అవే షేర్లు కొన్నాడు. 2008 అక్టోబరులో షేరు ధర కూలగానే అప్పు తీర్చడానికి కొద్దిరోజుల్లోనే తన వాటా దాదాపు మొత్తం అమ్ముకోవాల్సి వచ్చింది. కంపెనీ అప్పటికి బతికే ఉంది, ఆయన వాటా పోయింది. మీ పొలం తాకట్టు మాట చదవగానే నాకు గుర్తొచ్చింది ఆయనే.

ఇక మీ లెక్క. మీ జీతం చమురు మీద, పెట్టుబడీ చమురు మీదే. 2020 ఏప్రిల్ 20న అమెరికా చమురు ఫ్యూచర్స్ (ముందు తేదీకి ఇప్పుడే కుదుర్చుకునే ఒప్పందాల) ధర మైనస్ 37.63 డాలర్ల దగ్గర ముగిసింది. అలాంటి రోజుల్లో బావి ఆదాయం, ఉద్యోగం రెండూ ఒకేసారి ఊగుతాయి. ఉద్యోగం పోతే మరోటి వెతుక్కోవడానికి వీసా మీద మీకుండేది గరిష్ఠంగా 60 రోజులు. 401కె అప్పులో మిగిలింది ఆ ఏడాది పన్ను రిటర్న్ గడువులోగా తిరిగి జమ చేయలేకపోతే, దాన్ని మీరు తీసేసుకున్నట్టే లెక్కగట్టి పన్ను, పైన 10 శాతం జరిమానా వేస్తారు.

పన్ను రాయితీ అబద్ధం కాదు. తవ్వకపు ఖర్చులో ఎక్కువ భాగం మొదటి ఏడాదే చూపించుకోవచ్చు. కానీ ఆ నష్టాన్ని జీతం మీద సర్దుకోవాలంటే బాధ్యతకు హద్దులేని వర్కింగ్ ఇంట్రెస్ట్ (బావి ఖర్చులు కూడా పంచుకునే వాటా) మీ పేరునే ఉండాలి. ఎల్‌ఎల్‌సీ (బాధ్యతకు హద్దు పెట్టే కంపెనీ) చాటున పెడితే ఆ వెసులుబాటు పోతుంది. హద్దు లేదంటే 75 వేలతో అయిపోదన్నమాట. ఖర్చు పెరిగితే మళ్లీ బిల్లు వస్తుంది, బావి ఎండిపోతే పూడ్చే ఖర్చులోనూ మీ వాటా ఉంటుంది. షేల్ (రాతిపొరను పగలగొట్టి చమురు తీసే) బావి అయితే ఉత్పత్తి మొదటి ఏడాదిలోనే బాగా పడిపోతుంది, కాబట్టి మొదటి రెండు మూడు చెక్కులు చూసి మురిసిపోకండి.

ముందు ఆ 22 వేలను ఎనిమిది నెలల ఖర్చుకు సరిపడేదాకా పెంచండి. మీ కంపెనీ షేర్లు 401కెలో ఉంటే తగ్గించండి. అప్పటికీ చమురు మీద మోజు తీరకపోతే మొత్తం పొదుపులో 5 శాతం లోపు ఒక ఎనర్జీ ఫండ్‌లో పెట్టుకోండి, మీకెలాగూ చమురు సంగతి నాకంటే బాగా తెలుసు.

ఆ తెలిసినాయన్ని ఇంతకుముందు తవ్విన బావుల వివరాలు అడగండి. టెక్సాస్‌లో బావుల ఉత్పత్తి లెక్కలు రైల్‌రోడ్ కమిషన్ అనే రాష్ట్ర చమురు నియంత్రణ సంస్థ దగ్గర ఎవరైనా చూసుకోవచ్చు. పేరు అలా ఉంది గానీ, ఇప్పుడు దానికీ రైళ్లకీ సంబంధం లేదు. బావుల నంబర్లు ఇస్తే నాకూ పంపండి, కలిసి చూద్దాం. ఇవ్వడానికి వెనకాడితే మీకు జవాబు దొరికినట్టే.