క్యాసెట్ నిండా అతని గొంతే

"తమను తాము తప్ప ఇంకెవరినీ ప్రేమించలేని ప్రేమికుల మీద వచ్చిన పాటల్లో మీకు నచ్చినది ఏది, ఎందుకు?" అని అడిగారు. నాకంటే ముందు జవాబిచ్చిన వాళ్లలో చాలామంది సినిమా పాటల జాబితాలు రాశారు. వాటిలో సగం పాటలు నా లెక్కలో ఈ ప్రశ్నకు చెందినవే కావు. అమ్మాయి కాదన్నందుకు అబ్బాయి ఆమెను పొగరుబోతని తిట్టే పాటలవి. ఇష్టం లేదని చెప్పడం పొగరెలా అవుతుంది? అక్కడ తనలో తాను మునిగిపోయిన మనిషి ఎవరో తెలియాలంటే పాడుతున్నవాడి వైపు చూడాలి. "నేను ఇంత ప్రేమించాను, నేను ఇంత ఏడ్చాను, నేను ఇంత చేశాను" అని రెండు చరణాలూ తన గురించే చెప్పుకుంటాడు. ఆమెకు ఏం ఇష్టమో ఒక్క మాట కూడా ఉండదు. అలాంటి పాటలను పెళ్లి ఊరేగింపుల్లో చెవులు చిల్లులు పడేలా పెడుతుంటే నాకు ఒళ్లు మండుతుంది.

నా జవాబు చెప్పాలంటే ముందు ఒక క్యాసెట్ గురించి చెప్పాలి.

1993లో నేను కాకతీయ విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. తెలుగు చదువుతున్నాను. అప్పుడు హనుమకొండ చౌరస్తా దగ్గర పాటలు రికార్డు చేసి ఇచ్చే దుకాణాలు ఉండేవి. కాగితం మీద పాటల పేర్లు రాసి ఇస్తే రెండు మూడు రోజుల్లో ఖాళీ క్యాసెట్‌లోకి వరసగా ఎక్కించి ఇచ్చేవారు. 60 నిమిషాలదా, 90 నిమిషాలదా అని ముందే అడిగేవారు. 90దైతే ఒక్కో వైపు 45 నిమిషాలు, అంటే దాదాపు తొమ్మిది పాటలు. నచ్చిన మనిషికి క్యాసెట్ నింపించి ఇవ్వడమంటే ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. పాటలు ఎంచుకోవాలి, డబ్బు కూడబెట్టుకోవాలి, దుకాణం ముందు నిలబడాలి.

నన్ను ఇష్టపడుతున్నానని చెప్పిన అతను నాకంటే రెండేళ్లు పెద్ద. బాగా పాడేవాడు. కాలేజీలో ఏ సభ జరిగినా అతని పాట ఉండాల్సిందే. నా పుట్టినరోజుకు 90 నిమిషాల క్యాసెట్ ఒకటి తెచ్చి భద్రకాళి చెరువు గట్టు మీద నా చేతిలో పెట్టాడు. డబ్బాలోని అట్ట మీద ఆకుపచ్చ సిరాతో పాటల పేర్లు రాసి ఉన్నాయి. వాటి కింద అతని సంతకం, దాని కింద రెండు గీతలు. నా పేరు ఎక్కడా లేదు. ఆ రోజు అది నా కంటికి ఆనలేదు. ఆ అక్షరాల వంపులే చూస్తూ కూర్చున్నాను.

రాత్రి నాన్న పడుకున్నాక టేపురికార్డరు దిండు పక్కన పెట్టుకుని, శబ్దం బాగా తగ్గించి విన్నాను. మొదట పాట రాలేదు, అతని గొంతు వచ్చింది. ఆ తర్వాతా ప్రతి పాటకు ముందు అతని మాటలే. ఈ పాట మొదటిసారి తను ఎక్కడ విన్నాడో, ఏ సభలో పాడాడో, హాలంతా ఎలా చప్పట్లు కొట్టిందో, తన గొంతు గురించి ఎవరెవరు ఏమన్నారో చెబుతూ పోయాడు. మాటల తర్వాత పాట, పాట తర్వాత మళ్లీ మాటలు. ఇంత శ్రద్ధగా నాతో మాట్లాడిన మనిషి లేడని పొంగిపోయాను. పది రోజులు వరసగా విన్నాను. ఎక్కడ ఊపిరి తీసుకుంటాడో కూడా నాకు కంఠతా వచ్చింది.

రెండో వైపు ఆఖరి పాట మాత్రం నాది. ఒకసారి మాటల్లో, నాకు ఫలానా పాటంటే ప్రాణమని చెప్పాను. అది పెట్టాడు. దానికి ముందు నాలుగు నిమిషాలు మాట్లాడాడు. ఆ పాట చరణంలో ఒక మలుపును అసలు గాయకుడు తేలిగ్గా పాడేశాడని, అక్కడ తనైతే ఎలా పాడతాడో చెప్పి, పాడి వినిపించాడు. తర్వాత అసలు పాట మొదలైంది. పల్లవి అయింది, మొదటి చరణానికి ముందు వేణువు ఎత్తుకుంది, 'టక్'మని బొత్తాం పైకి లేచింది. టేపు అయిపోయింది. ఆ రాత్రి చీకట్లో క్యాసెట్ బయటికి తీసి చూశాను. రీలు ఎక్కడైనా చిక్కుకుందేమోనని పెన్సిలు పెట్టి తిప్పాను కూడా. చిక్కేమీ లేదు. నా పాట పట్టాల్సిన చోటు అతని మాటలకు సరిపోయింది.

రెండు వారాల తర్వాత కలిసినప్పుడు "ఎలా ఉంది?" అన్నాడు. నేను పాటల గురించి మొదలుపెట్టాను. "పాటలు కాదు, నా మాటలు ఎలా ఉన్నాయి?" అన్నాడు. తర్వాత, "ఆ క్యాసెట్ ఒకసారి ఇవ్వు, నా గొంతు చాలా బాగా వచ్చిందని దుకాణం అన్న చెప్పాడు, మా వాళ్లకు వినిపించాలి" అని తీసుకుపోయాడు. మళ్లీ తెచ్చి ఇవ్వలేదు. అట్టతో పాటు ఖాళీ డబ్బా నా దగ్గర మిగిలింది. అలాంటి మనిషితో ఇంకో రెండేళ్లు నడిచాను. అతను వెళ్లిపోయిన తీరు ఇక్కడ రాయను. ఆ క్యాసెట్ కథలోనే అంతా ఉంది.

ఆ తర్వాత ఒక స్నేహితురాలి ఇంట్లో ఒక ఇంగ్లీషు పాట విన్నాను. ఆమె అన్న కాజీపేట దగ్గరి ఇంజనీరింగ్ కాలేజీలో చదివేవాడు, అతని దగ్గర అలాంటి క్యాసెట్లు చాలా ఉండేవి. కార్లీ సైమన్ అనే అమెరికన్ గాయని 1972లో పాడిన 'యు ఆర్ సో వేన్'. నాకు ఆ ఉచ్చారణ అందకపోతే ఆ అన్న నోటుపుస్తకంలో మాటలు రాసి అర్థం చెప్పాడు. ఒకడు విందుకు వస్తాడు. ఓడ ఎక్కుతున్న దొరలా నడుస్తాడు, నాట్యం చేస్తూ కూడా ఒక కన్ను అద్దం మీదే ఉంచి తనను తాను చూసుకుంటాడు. పల్లవిలో ఆమె అంటుంది: నీకెంత డాబంటే, ఈ పాట కూడా నీ గురించే అనుకుంటావు.

ఆ ఒక్క మాట దగ్గర నా గుండె ఆగినంత పనైంది. ఆ పాట నిజంగానే అతని గురించే! ఆమె తిట్టినా అతనికి దక్కేది మళ్లీ ఒక అద్దమే. ఆ సంగతి ఆమెకూ తెలుసు, తెలిసే పాడింది. అతన్ని తిట్టే పాటలు వందల కొద్దీ ఉంటాయి. తన తిట్టు కూడా అతనికే హారతి అవుతుందని పాటలోనే ఒప్పుకున్న పాట నాకు అప్పటిదాకా తగల్లేదు.

ఆ పాట 1973 జనవరిలో అమెరికా పాటల పట్టికలో మొదటి స్థానంలో మూడు వారాలు ఉంది. వెనక వినిపించే మగగొంతు రోలింగ్ స్టోన్స్ బృందం గాయకుడు మిక్ జాగర్‌ది. ఆ డాబుసరి మనిషి ఎవరన్నది దశాబ్దాల పాటు జనానికి పెద్ద పొడుపుకథ. 2003లో ఒక దాతృత్వ వేలంలో ఒకాయన ఆ పేరు తన చెవిలో చెప్పించుకోవడానికి 50,000 డాలర్లు ఇచ్చాడు, ఇంకెవరికీ చెప్పనని మాట ఇచ్చి మరీ. చివరికి 2015లో సైమన్ కొంత గుట్టు విప్పింది. రెండో చరణం నటుడు వారెన్ బీటీ గురించేనని, మిగతావి వేరే వాళ్ల గురించని చెప్పింది. బీటీ మాత్రం పాటంతా తన గురించే అనుకుంటాడని కూడా అంది. అంతకు నలభై ఏళ్ల ముందు పల్లవిలో చెప్పిన మాటను ఆ మనిషే నిజం చేసి చూపించాడు. ఏ పాటకైనా ఇంతకు మించిన సాక్ష్యం ఏం కావాలి?

ఇక్కడ ఆగిపోతే తెలుగు చదివిన దానిగా నాకు తృప్తి ఉండదు. సైమన్ కంటే కొన్ని వందల ఏళ్ల ముందే మన ఓరుగల్లు గడ్డ మీద ఒకాయన ఈ పాటను తెలుగులో రాసి పెట్టాడు. మా అమ్మమ్మ వాళ్లది పాలకుర్తి. పోతన ఊరు బమ్మెర అక్కడికి దగ్గరే. భాగవతం దశమ స్కంధంలో ఉద్ధవుడు కృష్ణుడి కబురు మోసుకుని రేపల్లెకు వస్తాడు. కబురు పంపినవాడు మాత్రం రాడు. అప్పుడు ఒక గోపిక, తన పాదాల దగ్గర వాలబోయిన తుమ్మెదను చూసి "భ్రమరా! దుర్జనమిత్ర!" అంటుంది. ఆ పిలుపులోనే ఉంది అంతా. దుర్మార్గుడి స్నేహితుడా, నా కాళ్లు ముట్టుకోకు! పక్కన కృష్ణుడి మనిషి నిలబడి ఉన్నాడు, ఆమె మాత్రం తుమ్మెదను నిలదీస్తోంది. నువ్వు పువ్వును వదిలినట్టే మీ వాడు మమ్మల్ని వదిలాడంటుంది. అంతటితో ఊరుకోదు, పాత అవతారాల లెక్కలు కూడా బయటికి తీస్తుంది. చాటు నుంచి వాలిని కొట్టినవాడు, తన చేతికి అంతా ధారపోసిన బలిని కట్టేసినవాడు అని దులిపేస్తుంది.

తరగతిలో మా గురువుగారు ఈ ఘట్టం చెబుతూ మూల శ్లోకాల్లోని ఒక మాట దగ్గర ఆగేవారు. ఇంత తిట్టాక గోపిక ఏమంటుందంటే, వాడితో స్నేహం చాలు గానీ, వాడి కథ మాత్రం వదలడం మా వల్ల కావడం లేదు అని. చదువుకునే రోజుల్లో దాన్ని భక్తి అని రాసి మార్కులు తెచ్చుకున్నాను. భక్తి కాదనను. కానీ క్యాసెట్ పోయిన తర్వాత స్నేహితురాళ్లతో నేను మాట్లాడిన ప్రతి మాటా అతని గురించే. తిట్టడానికైనా అతనే, మరచిపోయానని చెప్పుకోవడానికైనా అతనే. భాగవతంలోని గోపిక నా కంటే ముందు ఆ బాధ పడి, దాచకుండా చెప్పింది. అందుకే నా జవాబు ఒక పాట కాదు, రెండు: గోపిక తుమ్మెదను నిలదీసే ఆ భ్రమరగీతాలు, సైమన్ పాట. రెండింట్లోనూ పాడే మనిషి తన బలహీనతను దాచుకోలేదు.

ఇదే ప్రశ్న కింద ఒకరు సత్యభామను ఉదాహరణగా రాశారు. దానికి నేను ఒప్పుకోను. సిద్ధేంద్రయోగి భామాకలాపం కథగా అందరూ చెప్పుకునేది ఇది: మన ఇద్దరిలో ఎవరు అందం అని కృష్ణుడు అడుగుతాడు, నేనే అంటుంది సత్య, అలిగి వెళ్లిపోతాడు కృష్ణుడు. అడిగింది ఎవరు? జవాబు నచ్చక లేచి వెళ్లింది ఎవరు? సత్యభామ తన జడ గురించి, తన వంశం గురించి ఎంత గొప్పగా చెప్పుకున్నా, చివరికి కలం పట్టి ఉత్తరం రాసింది ఆమే. తనను తప్ప ఇంకొకరిని చూడలేని మనిషి అలాంటి ఉత్తరం రాయలేదు.

ఇప్పుడు నార్సిసిస్టు అన్న మాట ప్రతివాళ్ల నోటా నలుగుతోంది. నీటిలో తన నీడను చూసుకుని మైమరచిన గ్రీకు కుర్రవాడు నార్సిసస్ పేరు అది. ఆ కథ రోమన్ కవి ఓవిడ్ చెప్పినదాంట్లో ఎకో అనే అమ్మాయి కూడా ఉంది. ఎదుటివాళ్లు అన్న మాటల్లో చివరివి తిరిగి పలకడం తప్ప సొంత మాట లేని శాపం ఆమెది. అతని కోసం కుమిలి కుమిలి ఒళ్లంతా కరిగిపోయి గొంతొక్కటే మిగులుతుంది. అతని పేరుతో జబ్బుకు పేరు పెట్టారు, పుస్తకాలు రాశారు. ఆ అమ్మాయి గురించి అడిగేవాళ్లు ఎంతమంది? ఈ పాటలన్నీ నిజానికి ఆమెవి. ఇంకో సంగతి కూడా నన్ను బాధపెడుతుంది. పాత క్యాసెట్ అట్టల మీద గాయకుల పేర్ల పక్కన పాట రాసినవాళ్ల పేరు కూడా ఉండేది. ఇప్పుడు ఫోనులో పాట పెడితే హీరో బొమ్మ నిండుగా కనిపిస్తుంది, మాటలు రాసిన మనిషి పేరు వెతుక్కోవాలి.

పోయిన నెల హైదరాబాదులో ఉద్యోగం చేస్తున్న మా అక్క కూతురు నాకు ఫోనులో పాటల వరస ఒకటి పంపింది. "చిన్నమ్మా, ఒకబ్బాయి నా కోసం ఏర్చి పంపాడు. విని చెప్పు" అంది. మొత్తం 22 పాటలు. బడి నుంచి వచ్చాక రెండు సాయంత్రాలు కూర్చుని విన్నాను. మధ్యలో ఎక్కడా అతని మాటలు లేవు. నా భయం నాకుంది కాబట్టి ఫోను చేసి అడిగాను: "ఇందులో నీకు నచ్చిన పాట ఏదైనా ఉందా తల్లీ?"

"ఏడోది చిన్నమ్మా. దాని గురించి నేనెప్పుడూ అతనికి చెప్పలేదు. ఆఫీసులో పని చేసుకుంటూ నేను కూనిరాగం తీస్తుంటే విన్నాడట."

ఫోను పెట్టేసి ఏడో పాట మళ్లీ పెట్టుకున్నాను. చివరిదాకా ఉంది.