కొత్త షాపు పెట్టిన మేనల్లుడికి

పర్లాకిమిడి,
ఆదివారం మధ్యాహ్నం.

చిరంజీవి మేనల్లుడికి అత్త ఆశీస్సులు.

పాతపట్నంలో నువ్వు షాపు తెరిచిన రోజు వచ్చి చూశాను కదా. జెరాక్స్ మెషీను కొత్తది, కుర్చీలు కొత్తవి. బల్ల మీద మాత్రం అట్ట ఊడిన నోటుపుస్తకం ఒకటి. తిరగేస్తే అన్నీ పాస్‌వర్డులే. సగం కొట్టేసి పైన మళ్లీ రాసినవి, కొన్ని నీవి, ఎక్కువ భాగం దరఖాస్తులు పెట్టించుకోవడానికి వచ్చినవాళ్లవి. నలుగురిలో అనడం బాగుండదని ఊరుకున్నాను. నిన్న ఫోనులో నువ్వే అడిగావు: షాపులో రెండు కంప్యూటర్లు, ఇంట్లో ల్యాప్‌టాప్, చేతిలో ఫోను, నాలుగింట్లోనూ ఒకే ఫైళ్లు ఉండాలంటే ఏం వాడాలి, పాస్‌వర్డులు ఎక్కడ దాచాలి అని. మాటల్లో చెప్తే సగం మర్చిపోతావని రాస్తున్నాను. 'సమకాలీకరణ' లాంటి మాటలు నాకు రావు, సింక్ అనే రాస్తాను. గిడుగు రామమూర్తి గారు పాఠాలు చెప్పిన ఊళ్లో ఉంటూ ఆ మాత్రం చొరవ తీసుకోకపోతే ఎలా?

ముందు ఫైళ్ల సంగతి. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీలో నీ జీమెయిలూ ఫోటోలూ కూడా సర్దుకోవాలి. డ్రాప్‌బాక్స్ ఉచితంగా ఇచ్చేది 2 జీబీ, అదీ మూడు పరికరాలకే. నీకున్నవి నాలుగు. డబ్బు కట్టి ఎక్కువ చోటు కొనుక్కోవచ్చు, అందులో తప్పేమీ లేదు. నేను వాటిని వదిలేసింది మాత్రం డబ్బు కోసం కాదు. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందా? మా గజపతి జిల్లా అంతా అతలాకుతలమైపోయింది. కరెంటు లేదు, నెట్ లేదు. జనరేటరు అద్దెకు తెచ్చి కంప్యూటర్ వెలిగించాను. అచ్చుకు వెళ్లాల్సిన పెళ్లికార్డు మాత్రం ఎక్కడో దూరదేశపు సర్వరులో ఉండిపోయింది. పెళ్లికూతురి తండ్రి ఎదురుగా కూర్చుని ఉన్నాడు, నేను తెరమీద గిరగిరా తిరిగే గుండ్రాన్ని చూస్తూ కూర్చున్నాను.

ఆ తర్వాత నేను మారింది సింక్‌థింగ్‌కు, పరికరాల మధ్య ఫైళ్లను సింక్ చేసే సాఫ్ట్‌వేర్ అది. 2013 నుంచి ఉంది, ఉచితం, దాని మూల కోడ్‌ను ఎవరైనా చదివి చూసుకోవచ్చు. మధ్యలో దాచిపెట్టే సర్వరు ఉండదు. ఒక్కో పరికరానికి ఒక పొడవాటి గుర్తింపు కోడ్ ఇస్తుంది. ఈ రెండూ ఒకదాన్నొకటి నమ్మవచ్చని నువ్వు రెండువైపులా ఒప్పుకుంటే ఫైళ్లు నేరుగా దీనిలోంచి దానిలోకి వెళ్తాయి. రెండూ ఒకే రౌటరు మీద ఉంటే బయట నెట్ పోయినా పని ఆగదు. విండోస్‌కు, లినక్స్‌కు, మ్యాక్‌కు ఉంది. ఆండ్రాయిడ్‌కు వాళ్లు సొంతంగా ఇచ్చిన యాప్‌ను 2024 చివర్లో ఆపేశారు. దానినుంచి పుట్టిన సింక్‌థింగ్ ఫోర్క్ అనేదాన్ని వాడుకోవాలి. ఐఫోనుకు మోబియస్ సింక్ అని వేరొకరు చేసినది ఉంది.

దీనికో పేచీ ఉంది. రెండు పరికరాలూ ఒకే సమయంలో వెలుగుతూ ఉండాలి. రాత్రి షాపు కట్టేసి వెళ్లిపోతే ఇంట్లో ల్యాప్‌టాప్‌కు ఇచ్చేవాళ్లెవరు? నేను చేసేది చెప్తాను. ఫోనులో కూడా అదే ఫోల్డరు పెట్టుకున్నాను. షాపులో ఉండగా ఫోను తీసుకుంటుంది, ఇంటికి రాగానే ల్యాప్‌టాప్‌కు ఇచ్చేస్తుంది. నా తపాలా బంట్రోతు అదే. ఫోనులో చోటు తక్కువైతే ఆ వారం పనుల ఫోల్డరు ఒక్కటే పెట్టుకో.

ఇప్పుడు చెప్పేది జాగ్రత్తగా చదువు. వెనకటికి వేరే సింక్ సాఫ్ట్‌వేర్ వాడే రోజుల్లో మా షాపు కుర్రాడు కంప్యూటర్ శుభ్రం చేస్తానని 'పాత కార్డులు' అనే ఫోల్డరు చెరిపేశాడు. ఇంట్లో ఇంకో కాపీ ఉందిలే అని ధీమాగా భోజనానికి వెళ్లాను. కంచం ముందు కూర్చుని ల్యాప్‌టాప్ తెరిస్తే అక్కడా లేదు! కుర్రాడి తప్పు కొంత, నా తెలివితక్కువతనం ఎంతో. ఒకచోట చేసినది అన్నిచోట్లా చేయడమే సింక్ పని. చెరపడం కూడా అందులోదే. సింక్‌థింగ్‌లో ఫైల్ వెర్షనింగ్ అని ఒకటి ఉంది, మనం పెడితే తప్ప పనిచేయదు. అందులో స్టాగర్డ్ అనేది ఎంచుకో. మామూలుగా ఏడాది వరకు పాత ప్రతులు దాచుతుంది. అయితే ఇంకో పరికరం నుంచి వచ్చిన మార్పు వల్ల పోయిన ఫైళ్లనే అది దాస్తుంది. నీ కంప్యూటర్‌లో నువ్వే చెరిపితే అక్కడ దొరకదు, అవతలి కంప్యూటర్‌లో దొరుకుతుంది. అందుకని అన్ని పరికరాల్లోనూ విడివిడిగా పెట్టుకోవాలి. వారానికోసారి హార్డ్‌డిస్కులోకి ఎక్కించి, వైరు పీకి, ఇంటి బీరువాలో పెట్టు. వైరు పీకడం మర్చిపోవద్దు.

ఇంకొకటి, ఇది మనలాంటి వాళ్లకే వచ్చే తంటా. ఒకవైపు తెలుగు, ఒకవైపు ఒడియా కార్డులు నువ్వూ చేస్తావు. తెలుగుకు అను ఫాంట్లు, ఒడియాకు ఆకృతి. ఫైలు సింక్ అవుతుంది, ఫాంటు కాదు. ఇంట్లో ఫాంటు లేకపోతే 'శుభలేఖ' కాస్తా పిచ్చి ఇంగ్లీషు అక్షరాలైపోతుంది. ఫైలు పాడైందని కంగారుపడి మళ్లీ మొదటినుంచి కొట్టకు. రెండుచోట్లా ఫాంట్లు వేసుకుని, కార్డుతోపాటు ఒక పీడీఎఫ్ కూడా దాచుకో.

పాస్‌వర్డులకు నేను వాడేది కీపాస్ఎక్స్‌సీ. అన్నీ ఒకే ఫైలులో ఉంటాయి, ఆ ఫైలుకు ఒకే తాళం. ఆ ఫైలును సింక్‌థింగ్ ఫోల్డరులో పడేస్తే నాలుగు పరికరాలకూ వెళ్తుంది. ఫోనులో దాన్నే కీపాస్‌డీఎక్స్‌తో తెరుస్తాను. ఒకేసారి రెండుచోట్ల మార్చి దాచితే మాత్రం పేరులో 'సింక్ కాన్‌ఫ్లిక్ట్' అని రెండో ఫైలు పుడుతుంది. దాన్ని చెరిపేయకు, కీపాస్ఎక్స్‌సీలోనే రెండు ఫైళ్లనూ కలిపే ఏర్పాటు ఉంది. బ్రౌజరులో దాని పొడిగింపు, అదే ఎక్స్‌టెన్షన్, కూడా వేసుకో. నువ్వు దాచిన సైటు చిరునామాకే అది పాస్‌వర్డు నింపుతుంది. రెండు రాష్ట్రాల సైట్లు రోజంతా తెరిచే మనకు ఒక అక్షరం తేడాతో ఉన్న నకిలీ సైటు కంటికి ఆనదు. అది నింపలేదంటే చేత్తో కొట్టకు, చిరునామా చూడు.

ఈ తంతు అంతా మీ అమ్మతో చేయించకు. ఆవిడకు బిట్‌వార్డెన్ పెట్టు. ఉచితంగానే ఎన్ని పరికరాల్లోనైనా పనిచేస్తుంది. పాస్‌వర్డులు వాళ్ల సర్వరులో ఉన్నా, ఆవిడ ఫోనులోనే తాళం పడి వెళ్తాయి.

ఏది వాడినా అసలు తాళం, అంటే పాస్‌వర్డుల ఖజానాను తెరిచే ఆ ఒక్క పాస్‌వర్డు, గట్టిగా ఉండాలి. 2022లో లాస్ట్‌పాస్ అని పాస్‌వర్డులు దాచిపెట్టే పేరున్న సంస్థ నుంచి దొంగలు ఖాతాదారుల ఖజానాల నకళ్లు ఎత్తుకుపోయారు. లోపలి పాస్‌వర్డులకు తాళం ఉంది, నిజమే. కానీ పెట్టెను ఇంటికి మోసుకుపోయినవాడు తీరిగ్గా కూర్చుని ఎన్ని తాళంచెవులైనా పెట్టి చూడగలడు. నీ పేరూ, ఎట్ గుర్తూ, 123 అయితే కాఫీ తాగేలోపు తెరుచుకుంటుంది. పాచిక ఐదుసార్లు వేసి 7,776 మాటల జాబితాలోంచి ఒక్కో మాట ఏరుకునే పద్ధతి ఒకటి ఉంది. అలా ఆరు మాటలు. నేను మా తెలుగు నిఘంటువును కళ్లు మూసుకుని ఆరుచోట్ల తెరిచాను. సామెతా పద్యమూ పనికిరావు, అవి అందరికీ తెలిసినవే. తెలుగు మాటను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు 'చీమ'కు ఒక ఈ కొట్టావా రెండా అన్నది నెల తిరిగేసరికి గుర్తుండదు. నేను రెండు వారాలు నా ఖజానా బయటే నిలబడ్డాను. కాగితం మీద అక్షరం అక్షరం రాసి, కవరులో పెట్టి, భూమి పట్టాలున్న ట్రంకుపెట్టెలో పడేశాను. మర్చిపోతే తిరిగి ఇచ్చేవాళ్లు ఎవరూ ఉండరు. నేను పోతే మీ మామయ్యకు కూడా అదే దారి.

జనం పాస్‌వర్డులు మాత్రం నీ ఖజానాలో కూడా వద్దు. ఎవరి ఫోనులో వాళ్లకు పెట్టించి పంపు, చదువురాని వాళ్లకు చీటీ రాసి చేతికివ్వు. "నువ్వే ఉంచు బాబూ" అంటారు. ఉంచావో, రేపు వాళ్ల ఖాతాలో ఏది పోయినా ముందు నీ మొహమే చూస్తారు.

వచ్చే ఆదివారం ల్యాప్‌టాప్ పట్టుకుని రా, నేనే కూర్చోబెట్టి పెట్టిస్తాను. ఆ నోటుపుస్తకం కూడా తీసుకురా. నీవి ఎక్కించుకుని, వాళ్లవి వాళ్లకు రాసి ఇచ్చే చీటీలు తయారు చేసుకున్నాక, స్నానాల పొయ్యి ఎటూ రాజేస్తాం కదా.

ఉంటాను,
అత్త