టెక్ సందేహాలు: మీటరు 3.3 అంటోంది, మాడ్యూల్ మాత్రం లేవట్లేదు!

ప్రశ్న: నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. ఆర్డుయినో బోర్డుతో ఇంట్లో చిన్న చిన్న ప్రాజెక్టులు చేస్తుంటాను. కోడ్ రాయగలను కానీ సర్క్యూట్ సొంతంగా గీయలేను. అందరూ చెబుతున్నారని ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ కొన్నాను. రెండు నెలలైనా మొదటి అధ్యాయం దాటలేదు. ఈలోగా ఈఎస్‌పీ8266 వైఫై మాడ్యూల్ కోసం 5 వోల్టుల నుంచి రెండు రెసిస్టర్లతో (1 కిలోఓమ్, 2 కిలోఓమ్‌లు) 3.3 వోల్టులు తెచ్చాను. మీటరు సరిగ్గానే చూపింది, మాడ్యూల్ మాత్రం ఆన్ కాలేదు. ఈ పుస్తకం నాకు తగినదేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: మాడ్యూల్ ఎందుకు ఆన్ కాలేదో మీరు దాటలేకపోయిన ఆ మొదటి అధ్యాయంలోనే ఉంది. అందుకే ముందు మాడ్యూల్ సంగతి చూద్దాం, పుస్తకం సంగతి తర్వాత.

మీ డివైడర్‌లో (వోల్టేజిని పంచే ఆ రెండు రెసిస్టర్ల జతలో) కరెంటు 1 కిలోఓమ్ రెసిస్టర్ గుండానే రావాలి. అవుట్‌పుట్‌ని నేరుగా గ్రౌండ్‌కి కలిపేసినా 5 వోల్టులకి 5 మిల్లీఆంపియర్లకు మించి రాదు. ఈఎస్‌పీ8266 వైఫైలో డేటా పంపేటప్పుడు 170 మిల్లీఆంపియర్ల దాకా అడుగుతుంది. మాడ్యూల్ తగిలించగానే ఆ 3.3 వోల్టులు కాస్తా కుప్పకూలిపోతాయి. మీటరు అబద్ధం చెప్పలేదు. అది దాదాపు ఏమీ తీసుకోదు కాబట్టి దానికి 3.3 కనిపించింది.

మీ రెండు రెసిస్టర్లనీ బయటి నుంచి చూస్తే, 3.33 వోల్టుల బ్యాటరీకి వరసలో 667 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టినట్టే. థెవెనిన్ సిద్ధాంతం చెప్పేది ఇదే. మా రోజుల్లో అది పది మార్కుల ప్రశ్న. లెక్క తప్పకుండా చేసేవాళ్లం, దేనికి పనికొస్తుందో ఒక్కరికీ తెలిసేది కాదు! సర్క్యూట్‌లో ఒక భాగాన్ని ఇంకోదానికి కలిపే ముందు ‘ఇది ఎంత ఇవ్వగలదు, అది ఎంత లాగుతుంది?’ అని అడగడానికే అది. తర్వాతి భాగం ఇన్‌పుట్ రెసిస్టెన్స్, ముందు భాగం అవుట్‌పుట్ రెసిస్టెన్స్‌కి కనీసం పది రెట్లు ఉంటే వోల్టేజి పెద్దగా పడదు. డిజైన్ చేసేవాళ్లు రోజూ వాడే కొలత ఇది.

ఇవాళే ఒక చిన్న ప్రయోగం చేయండి. 9 వోల్టుల బ్యాటరీకి 10 కిలోఓమ్‌లవి రెండు వరసగా పెట్టి మధ్యలో కొలవండి. 4.5 వస్తుంది. కింది రెసిస్టర్‌కి పక్కన, దాని రెండు కొసలకీ కలిసేలా (పారలల్‌గా) 1 కిలోఓమ్ తగిలించండి. 0.75కి పడిపోతుంది. ఇప్పుడు అవన్నీ తీసేసి 1 మెగోమ్‌వి (పది లక్షల ఓమ్‌లవి) రెండు పెట్టి కొలవండి. ఈసారి వేరే లోడ్ (కరెంటు లాగేది) ఏమీ లేకపోయినా 4.5 రాదు. మీ మీటరు లోపలి రెసిస్టెన్స్ 10 మెగోమ్‌లైతే సుమారు 4.3, చవక రకాల్లో ఉండే 1 మెగోమ్ అయితే 3 చూపిస్తుంది. ఇక్కడ మీటరే లోడ్ అయిపోయింది. ఈ మూడు అంకెలూ ఎందుకు వచ్చాయో కాగితం మీద లెక్క తేలితే, మొదటి అధ్యాయంలో సగం మీది అయినట్టే.

మాడ్యూల్‌కి 3.3 వోల్టుల రెగ్యులేటర్ (ఎంత కరెంటు లాగినా వోల్టేజిని నిలకడగా ఉంచే చిప్) వాడండి. ఏఎంఎస్1117 సులువుగా దొరుకుతుంది. ఇన్‌పుట్‌కీ అవుట్‌పుట్‌కీ కెపాసిటర్లు మర్చిపోవద్దు. ఆర్డుయినో ఊనోలో ఉన్న 3.3 వోల్టుల పిన్ సరిపోదు, అది 50 మిల్లీఆంపియర్లకే. అలాగని మీ రెసిస్టర్లు పారేయకండి. ఆర్డుయినో పంపే 5 వోల్టుల సిగ్నల్‌ని మాడ్యూల్ ఆర్‌ఎక్స్ (డేటా అందుకునే) పిన్‌కి తగ్గించి ఇవ్వడానికి అవే రెండు చక్కగా సరిపోతాయి. అక్కడ లాగే కరెంటు దాదాపు సున్నా.

ఇక పుస్తకం. పాల్ హోరోవిట్జ్, విన్‌ఫీల్డ్ హిల్ రాసిన ఈ పుస్తకం హార్వర్డ్‌లో నడిచిన ల్యాబ్ కోర్సు నుంచి పుట్టింది. మొదటి ఎడిషన్ 1980లో, రెండోది 1989లో, మూడోది 2015లో వచ్చాయి. మూడో దానికి 1,200 పేజీలకు పైనే. అన్నీ వరసగా చదివి ముగించాలని కూర్చుంటే ఎవరికైనా మీకు జరిగిందే జరుగుతుంది. మొదటి అధ్యాయం, ట్రాన్సిస్టర్లు, ఆప్-ఆంప్‌లు (సిగ్నల్‌ని పెంచే చిప్‌లు), ఈ మూడూ చేత్తో కట్టి చూస్తూ చదవండి. మిగతావి అవసరం వచ్చినప్పుడు తెరవండి. చేయిపట్టి నడిపించేది కావాలంటే 2016లో టామ్ హేయిస్, హోరోవిట్జ్‌తో కలిసి తెచ్చిన ‘లెర్నింగ్ ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ ఉంది. ఏ రోజు ఏ పాఠం, ఏ ప్రయోగం అని విడగొట్టి ఉంటుంది. నన్నడిగితే మీకు ముందు కావలసింది అదే.

ప్రశ్న: ‘ది ఆర్ట్ ఆఫ్ ఎలక్ట్రానిక్స్’ పుస్తకంలో 2ఎన్3904 ట్రాన్సిస్టర్ అని ఉంది. కోఠి గుజరాతీ గల్లీలో అడిగితే బీసీ547 ఇచ్చారు. 5 వోల్టుల మీద ఎల్‌ఈడీకి పెడితే మసగ్గా వెలుగుతోంది. పార్టు నాసిరకమా?
– ఒక పాఠకురాలు, హైదరాబాద్

జవాబు: పార్టు మంచిదే అయి ఉంటుంది, తిప్పి పెట్టండి. చదునువైపు మీకేసి, కాళ్లు కిందికి ఉండేలా పట్టుకుంటే 2ఎన్3904లో ఎడమ నుంచి ఎమిటర్, బేస్, కలెక్టర్. బీసీ547లో కలెక్టర్, బేస్, ఎమిటర్. బేస్ రెండింట్లోనూ మధ్యలోనే ఉండటంతో తిరగబడ్డా పూర్తిగా ఆగదు, అరకొరగా పనిచేస్తుంది. అదే ఎక్కువ తికమక పెడుతుంది. నేనూ ఒక ఆదివారం మొత్తం దీనికే ధారపోశాను.

ఇంకో మాట. బీసీ547 గెయిన్ (బేస్ కరెంటుని ఎన్ని రెట్లు పెంచుతుందో ఆ అంకె) ఏ, బీ, సీ రకాలను బట్టి 110 నుంచి 800 దాకా ఎంతైనా ఉండొచ్చు. మీ సర్క్యూట్ ఫలానా గెయిన్ ఉంటేనే పనిచేస్తుందంటే, పార్టు మార్చిన రోజు ఆగిపోతుంది. పుస్తకం పదేపదే హెచ్చరించేదీ ఇదే.

ప్రశ్న: బ్రెడ్‌బోర్డ్ లేకుండా సిమ్యులేటర్‌లోనే నేర్చుకోవచ్చా?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: ఎల్‌టీస్పైస్ అనే సిమ్యులేటర్ ఉచితమే, తప్పకుండా వాడండి. కానీ అందులో లూజ్ కాంటాక్ట్ ఉండదు, చేయి చురుక్కుమనదు, ట్రాన్సిస్టర్‌ని ఎవరూ తిప్పి పెట్టరు. ముందు చేత్తో లెక్కేసి, తర్వాత సిమ్యులేటర్‌లో చూసి, ఆఖరున బోర్డు మీద కట్టండి. ఆప్-ఆంప్ కొనేటప్పుడు పాత 741 వద్దు, 5 వోల్టుల మీద దానితో తంటాలే. ఎల్‌ఎం358 అడగండి. అయితే 5 వోల్టులిస్తే దాని అవుట్‌పుట్ సుమారు మూడున్నర దాటదు. అది చూసి పార్టు పాడైందని షాపుకి తిరిగి వెళ్లకండి.