పొగ నేల మీదే పాకాలంటే

ప్రశ్న: నాటకం కోసం 400 వాట్ల ఫాగ్ మిషన్ తెచ్చాం. ఇంట్లో వేసి చూస్తే పొగంతా పైకప్పుకు ఎగబాకుతోంది. ద్రవం మార్చాలా?

జవాబు: తప్పు ద్రవానిది కాదు, వేడిది. గ్లైకాల్ కలిసిన నీటిని మిషన్ కాచి ఆవిరిగా వదులుతుంది. ఆ పొగ గది గాలి కన్నా వెచ్చగా ఉన్నంతసేపూ పైకే పోతుంది. దాన్ని ఐసు మీదుగా పంపండి.

నలభై, యాభై లీటర్లు పట్టే మూత ఉన్న థర్మోకోల్ పెట్టె తీసుకోండి. ఒక పక్క గోడకు పైభాగాన నాలుగు అంగుళాల రంధ్రం, ఎదుటి గోడకు కింద అంతే రంధ్రం చేయండి. పెట్టె అడుగు నుంచి మూడంగుళాల ఎత్తున ఇనుప జాలీ అమర్చి, దాని మీద ఆరేడు కిలోల ఐసు పోయండి. పైన రెండంగుళాలు ఖాళీ ఉంచితే పొగ అంతటా పరుచుకుని, ఐసు సందుల్లోంచి దిగి, చల్లబడి కింది రంధ్రంలోంచి జారుతుంది. ఐసు ముక్కలు నిమ్మకాయంత ఉండాలి. పొడి చేస్తే సందులు మూసుకుపోయి, పొగ వచ్చిన దారినే వెనక్కి తంతుంది. కరిగిన నీరు కింది రంధ్రం దాకా రాకుండా అడుగున సన్నని గొట్టం పెట్టి బయటికి వదలండి.

చాలామంది పొరపడేది మిషన్ మూతి దగ్గర. దాన్ని పై రంధ్రంలోకి బిగించకూడదు. బిగిస్తే లోపలికి గాలి అందక ఆవిరి గొట్టంలోనే ద్రవమై కారిపోతుంది. రెండంగుళాలు ఎడం ఉంచండి. మూతి కాలుతూ ఉంటుంది కాబట్టి లోపలికి పోయే దారిలో రేకు గొట్టమే వాడాలి. వట్టి థర్మోకోల్ కరుగుతుంది.

మిషన్‌ను ఏకధాటిగా నడపొద్దు. కొన్ని సెకన్లు వదలడం, ఆపడం. వేగంగా తోస్తే పొగకు చల్లబడే వ్యవధి ఉండదు. ఫ్యాన్లు, ఏసీ ఆపకపోతే ఇంత శ్రమా గాలికి పోయినట్టే. పొగ కాసేపటికి వెచ్చబడి లేస్తుంది, అది మామూలే. నున్నటి నేల మాత్రం జారుడు అవుతుంది, నటులకు ముందే చెప్పండి.

ప్రశ్న: డ్రై ఐస్ (గడ్డకట్టిన కార్బన్ డయాక్సైడ్) వాడితే ఈ తంటా ఉండదు కదా?

జవాబు: ఉండదు, పొగ కూడా అందంగా పాకుతుంది. నాలుగు లీటర్ల వేడినీటిలో అరకిలో వేస్తే అయిదు నుంచి పది నిమిషాలు వస్తుంది. నీరు చల్లారితే పలచబడుతుంది, అప్పుడు మళ్లీ వేడినీరు పోయాలి.

కానీ అది మైనస్ 78.5 డిగ్రీల చలి. మందపాటి తోలు చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. గాలి చొరని డబ్బాలో మూసిపెడితే డబ్బా పేలుతుంది. ఇంకో సంగతి: తెల్లగా కనిపించేది నీటి తుంపరలే. కంటికి కనబడని కార్బన్ డయాక్సైడ్ గాలి కన్నా ఒకటిన్నర రెట్లు బరువు, కాబట్టి నేల దగ్గరే పేరుకుంటుంది. శవం వేషం వేసి పడుకున్నవాడికి, పాకే పిల్లలకు, పెంపుడు జంతువులకు ముందు తగులుతుంది. మూసిన గదిలో వద్దు. ఎవరికైనా తలనొప్పో, ఆయాసమో మొదలైతే వెంటనే బయటికి తీసుకురండి.

ప్రశ్న: బల్ల మీద చిన్న గిన్నెలోంచి పొగ జారాలి. ఏది మేలు?

జవాబు: అల్ట్రాసోనిక్ మిస్ట్ మేకర్. నీటిలో మునిగిన చిన్న బిళ్ల అతివేగంగా కంపించి నీటిని తుంపరగా మార్చే పరికరం ఇది. బిళ్ల పైన మూడు సెంటీమీటర్ల దాకా నీళ్లుంటే చాలు, మరీ లోతైతే తుంపర తగ్గుతుంది. డిస్టిల్డ్ వాటర్ పోయండి. బోరు నీళ్లయితే చుట్టూ తెల్లని పొడి పడుతుంది. నీళ్లు అయిపోయాక నడిస్తే బిళ్ల పాడవుతుంది.