కోలన్ తర్వాత ఏముందో చదివావా?

చిరంజీవికి,

లైనక్స్‌లో ప్రోగ్రామ్ నడపబోతే లైబ్రరీ దొరకలేదని వచ్చే ఎర్రర్ మీద నువ్వు రాసిన వ్యాసం వచ్చి మూడు వారాలైంది. మొదటిసారి రెండో పేరా దాకా చదివి పక్కన పడేశాను. కారణం ఈ వాక్యం: "ఇలా ఏదో లైబ్రరీ లేదని ఎర్రర్ వస్తుంది, కంగారు పడకుండా కింది కమాండ్ కొట్టండి." నిన్న మళ్ళీ తీసి చివరిదాకా చదివాను. చివర్లో బ్రాకెట్లలో రాసిన నాలుగు లైన్లు లేకపోతే ఈ ఉత్తరం రాసేవాణ్ణి కాదు. వాటి సంగతి తర్వాత చెబుతాను, ముందు చీవాట్లు.

"ఏదో లైబ్రరీ" ఏమిటి నాయనా? నీ దగ్గరికి వచ్చే పాఠకుడి చేతిలో ఉండేది ఆ ఒక్క లైనే. దాన్నే వెతుక్కుంటూ వస్తాడు. నువ్వేమో దాన్ని సగానికి కోసి, మూడు చుక్కలు పెట్టి, టెర్మినల్ ఫొటో ఒకటి అతికించావు. ఫొటోలో అక్షరాలు కాపీ కావు, వెతికితే దొరకవు. ఇప్పుడందరికీ ఇదో ఫ్యాషనైంది. నల్ల తెర మీద ఆకుపచ్చ అక్షరాల బొమ్మ పెడితే సాంకేతిక వ్యాసం అయిపోయిందనుకుంటారు.

నీకు వచ్చిన లైన్ పూర్తిగా ఇలా ఉండి ఉంటుంది:

./రిపోర్ట్: ఎర్రర్ వైల్ లోడింగ్ షేర్డ్ లైబ్రరీస్: లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.1.1: కెనాట్ ఓపెన్ షేర్డ్ ఆబ్జెక్ట్ ఫైల్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ

నాలుగు కోలన్లు, అయిదు ముక్కలు. నాకు తెలిసినంతలో లైనక్స్‌లో ఇంత నిజాయితీగా మాట్లాడే ఎర్రర్లు తక్కువ. మొదటి ముక్కలో ఉన్నది ప్రోగ్రామ్ పేరే గానీ, మాట్లాడుతున్నది ప్రోగ్రామ్ కాదు, డైనమిక్ లోడర్. ప్రోగ్రామ్‌కి కావలసిన షేర్డ్ లైబ్రరీలన్నీ, అంటే చాలా ప్రోగ్రామ్‌లు కలిసి వాడుకునే కోడ్ ఫైళ్ళన్నీ, మెమరీలోకి తెచ్చి, ఆ తర్వాతే దాన్ని మొదలుపెట్టాల్సిన పని దానిది. ఆ పని మధ్యలో ఆగిపోయింది. ప్రోగ్రామ్‌లో మెయిన్ ఫంక్షన్ మొదటి లైను కూడా నడవలేదు. అలాంటప్పుడు "ప్రోగ్రామ్ లాగ్ ఫైల్ ఒకసారి చూడండి" అన్న నీ సలహా పాటించినవాడికి ఏం కనిపిస్తుంది? నిన్నటి లాగ్ కనిపిస్తుంది.

మూడో ముక్క అసలుది. ఆ 1.1 అలంకారం కాదు, పేరులో భాగం. దాన్ని సోనేమ్ అంటారు. ప్రోగ్రామ్‌ను లింక్ చేసినరోజే ఆ పేరు దాని లోపల రాసిపెట్టేశారు. లోడర్ వెతికేది అచ్చంగా ఆ పేరునే. ఉబుంటు 22.04 లాంటి సిస్టమ్‌లో ఉండేది ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ (ఎన్‌క్రిప్షన్ పనులు చూసే లైబ్రరీ) 3, అంటే లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3. నీ పాఠకుడు లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అని వెతుకుతాడు, దొరుకుతుంది, "ఉంది కదా, మరి లేదంటుందేమిటి" అని తల పట్టుకుంటాడు. ఆ చివరి అంకెను నువ్వు కోసెయ్యడం వల్లనే వాడికి ఈ టెన్షన్.

అయిదో ముక్క ప్రతిసారీ ఒకేలా ఉండదు. "నో సచ్ ఫైల్" బదులు "పర్మిషన్ డినైడ్" అని రావచ్చు. అప్పుడు లైబ్రరీ ఉన్నట్టే, చదివే హక్కు లేనట్టు. కొన్నిసార్లు నాలుగో ముక్క నుంచే మారిపోయి "రాంగ్ ఎల్ఫ్ క్లాస్" అని వస్తుంది, అంటే 64 బిట్ ప్రోగ్రామ్‌కి 32 బిట్ లైబ్రరీ ఎదురైందన్నమాట. మూడు రోగాలు, మూడు మందులు. నువ్వు మూడింటికీ ఒకే మాత్ర రాసిచ్చావు.

ఆ మాత్ర దగ్గరికే వస్తున్నాను. ఎల్‌ఎన్ -ఎస్ అని కొట్టి, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్.ఎస్‌ఓ.3 కి 1.1 అని ఇంకో పేరు తగిలించమన్నావు. దీన్నే సిమ్‌లింక్ అంటారు. పేరు గంగాభవాని, తాగబోతే నీళ్ళు లేవు. లోడర్ ఆ ఫైలు తెరుస్తుంది, లోపల సింబల్స్ (ఫంక్షన్ల పేర్లు) మీద ఉన్న వెర్షన్ ముద్ర చూస్తుంది, "వెర్షన్ నాట్ ఫౌండ్" అని ఇంకో ఎర్రర్ ఇస్తుంది. ఇది అదృష్టం బాగున్నప్పటి మాట. వెర్షన్ ముద్రలు లేని లైబ్రరీలు చాలా ఉన్నాయి. వాటితో ఇదే పని చేస్తే ప్రోగ్రామ్ మాట్లాడకుండా లేస్తుంది, మధ్యాహ్నం దాకా నడుస్తుంది, తర్వాత ఎక్కడో సంబంధం లేని చోట కూలుతుంది. "వర్క్ అయింది!" అని రాశావు. ఎంతసేపు చూశాక రాశావు?

అసలు దారి ఇంత మెలికది కాదు. ఆ సోనేమ్‌ను ఏ ప్యాకేజీ ఇస్తుందో అడగాలి. డెబియన్, ఉబుంటుల్లో ఆప్ట్-ఫైల్ సెర్చ్, ఫెడోరా వైపు డీఎన్‌ఎఫ్ ప్రొవైడ్స్. ఆ ప్యాకేజీ పెట్టుకోవాలి. పేరు చివర డెవ్ అని ఉన్నది కాదు, అది కంపైల్ చేసేవాళ్ళకు. ప్యాకేజీయే లేకపోతే ప్రోగ్రామ్ పాతబడిందని అర్థం. కొత్తది తెచ్చుకోవాలి, లేదా సోర్స్ ఉంటే మళ్ళీ బిల్డ్ చేయాలి. ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ 1.1.1 కి 2023 సెప్టెంబర్‌తో ఉచిత సెక్యూరిటీ మద్దతు ఆగిపోయింది. అలాంటి లైబ్రరీని ఎక్కడినుంచో ఏరుకొచ్చి పెట్టుకోమని చెప్పేముందు ఆ సంగతి కూడా పాఠకుడికి చెప్పాలి కదా.

లైబ్రరీ నిజంగా ఉండి కూడా దొరకకపోవడం గురించి నువ్వు రాసిన భాగం ఫరవాలేదు. ఒక తప్పు మాత్రం ఉంది. లోడర్ ముందు "ఉన్న ఫోల్డర్‌లో" వెతుకుతుందని రాశావు. వెతకదు. ప్రోగ్రామ్ లోపల రాసిన ఫోల్డర్ల జాబితా ఆర్‌పాత్, తర్వాత షెల్‌లో మనం పెట్టే ఎల్‌డీ_లైబ్రరీ_పాత్ అనే విలువ, తర్వాత ప్రోగ్రామ్ లోపలే ఉండే ఇంకో జాబితా రన్‌పాత్, తర్వాత /ఈటీసీలో ఉన్న ఎల్‌డీ.ఎస్‌ఓ.క్యాష్ (దొరికిన లైబ్రరీల పట్టిక), చివరికి /లిబ్, /యూఎస్‌ఆర్/లిబ్. రన్‌పాత్ ఉంటే ఆర్‌పాత్‌ను పట్టించుకోదు. సోర్స్ నుంచి బిల్డ్ చేసి మేక్ ఇన్‌స్టాల్ కొట్టగానే లైబ్రరీ /యూఎస్‌ఆర్/లోకల్/లిబ్‌లో కూర్చుంటుంది, కానీ క్యాష్‌లో దాని పేరు ఎక్కలేదు. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, ఫైలు కళ్ళెదుట ఉంటుంది, లోడర్‌కు కనపడదు. రూట్‌గా (పూర్తి అధికారంతో) ఒక్కసారి, ఆ క్యాష్‌ను కొత్తగా రాసే ఎల్‌డీకాన్ఫిగ్ కొడితే చాలామందికి అక్కడితో తీరిపోతుంది. తీరకపోతే /ఈటీసీ/ఎల్‌డీ.ఎస్‌ఓ.కాన్ఫ్.డీలో ఆ ఫోల్డర్ పేరుతో చిన్న ఫైలు పెట్టి మళ్ళీ కొట్టాలి.

నువ్వేమో ఎల్‌డీ_లైబ్రరీ_పాత్‌ను తీసుకెళ్ళి బాష్‌ఆర్‌సీలో (షెల్ తెరిచినప్పుడల్లా చదివే ఫైలు) పెట్టమన్నావు. ఆ షెల్ నుంచి నడిచే ప్రతి ప్రోగ్రామ్ మీదా దాని ప్రభావం ఉంటుంది. రూట్ అధికారంతో నడిపే సుడో దగ్గర అది ఎగిరిపోతుంది. వెనకాల తమంతట నడిచే క్రాన్, సిస్టమ్‌డీ సర్వీసులు నీ బాష్‌ఆర్‌సీ మొహమే చూడవు. ఇంకో చిలిపి సంగతి. "కొత్త ఫోల్డర్, కోలన్, పాత విలువ" అని రాస్తాం కదా. పాత విలువ ఖాళీ అయితే చివర కోలన్ ఒంటరిగా మిగులుతుంది. ఆ ఖాళీకి అర్థం ప్రస్తుత ఫోల్డర్! అప్పుడు మాత్రం లోడర్ నిజంగానే "ఉన్న ఫోల్డర్‌లో" వెతుకుతుంది, నువ్వు అడక్కుండానే.

ఎల్‌డీ_డీబగ్=లిబ్స్ గురించి ఒక్క ముక్క రాయలేదేం? కమాండ్ ముందు అది తగిలిస్తే ఏ పేరు కోసం ఏయే ఫోల్డర్ ఏ వరసలో తొక్కిందో లోడరే చెప్పుకుంటుంది. నా మాట నమ్మక్కర్లేదు, నీ మాట నమ్మక్కర్లేదు. ఏ లైబ్రరీలు కావాలో చూపే ఎల్‌డీడీ వాడమన్నావు, మంచిదే. అయితే ఎవరో ఇచ్చిన, నమ్మకం లేని ఫైలు మీద వాడకు. కొన్ని సందర్భాల్లో అది ఆ ప్రోగ్రామ్‌ను నడిపేయగలదు. అలాంటి వాటికి రీడ్‌ఎల్ఫ్ -డీ కొట్టి నీడెడ్ అని ఉన్న లైన్లు చూస్తే చాలు.

ఈ సిమ్‌లింక్ మీద నాకెందుకింత కోపమో చెబుతాను. నీ వయసులో నేను చేసింది అదే. ఒక ప్రోగ్రామ్ జీలిబ్‌సీ (దాదాపు ప్రతి ప్రోగ్రామ్‌కీ ఆధారమైన సీ లైబ్రరీ) కొత్త వెర్షన్ అడిగింది. అప్పట్లో లిబ్‌సీ.ఎస్‌ఓ.6 అన్నది ఒట్టి లింకు, అసలు ఫైలు వెర్షన్ నంబరుతో పక్కన ఉండేది. 2021లో వచ్చిన 2.34 నుంచే ఆ పేరుతో అసలు ఫైలు ఉంటోంది. నేను ధీమాగా ఆ లింకు చెరిపేసి కొత్తది పెట్టబోయాను. చెరపడం అయింది. పెట్టడానికి ఎల్‌ఎన్ కావాలి, ఎల్‌ఎన్‌కి లిబ్‌సీ కావాలి! ఎల్‌ఎస్ లేదు, సీపీ లేదు, మ్యాన్ లేదు. ఏది కొట్టినా అదే లైను, మొదటి ముక్క మాత్రం మారుతోంది. కొత్తగా లాగిన్ అయ్యే దారి కూడా పోయింది. చేతిలో మిగిలింది అప్పటికే తెరిచి ఉన్న ఒక్క రూట్ షెల్. అది ముందే మెమరీలో ఉంది కాబట్టి బతికింది. సీడీ పనిచేస్తోంది, ఎకో పనిచేస్తోంది. /ఎస్‌బిన్‌లోకి వెళ్ళి "ఎకో *" కొట్టాను. ఫైళ్ళ పేర్లన్నీ ఒకే ముద్దగా తెర నిండా పడ్డాయి. వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదువుకుంటూ పోతే ఎస్‌ఎల్‌ఎన్ అని కనిపించింది. ఏ లైబ్రరీ మీదా ఆధారపడకుండా, స్టాటిక్‌గా కట్టిన ఎల్‌ఎన్ అది. సరిగ్గా నాలాంటి మూర్ఖుల కోసమే ఎవరో మహానుభావుడు పెట్టి ఉంచాడు. పేరు కొట్టేటప్పుడు వేళ్ళు వణికాయి.

ఈ కథతోనే నా మొదటి వ్యాసం రాశాను. ఒక పత్రికకు పంపితే, పాఠకులు భయపడతారని ఎడిటర్ కథంతా ఎత్తేశాడు. "అయిదు సులభ మార్గాలు" అని శీర్షిక పెట్టాడు. మార్గాలు మూడే ఉన్నాయంటే ఇంకో రెండు తనే రాసుకున్నాడు. భాషాభిమానం కొద్దీ షేర్డ్ లైబ్రరీని "ఉమ్మడి గ్రంథాలయం" చేశాడు. అచ్చులో "ఉమ్మడి గ్రంథాలయము తెరుచుటకు వీలుపడలేదు" అని చదివి, ఆదివారం సెలవేమో అనుకున్నాడు మా ఇంట్లో ఒకడు. అదీ సహించాను. కమాండ్లలో ఉన్న చిన్న గీతనంతా అందం కోసం పొడుగు గీతగా మార్చారు. ఆ పొడుగు గీతను ఏ కమాండూ ఆప్షన్‌గా గుర్తించదు. చూసి కొట్టినవాళ్ళంతా నన్ను తిట్టుకున్నారు. అందుకే చెబుతున్నా, నీ వ్యాసం ఎక్కడ అచ్చయినా ఆఖరి ప్రూఫ్ నువ్వే చూడు. అందులోని కమాండ్‌ను ప్రూఫ్ నుంచే కాపీ చేసి నడిపి చూడు.

ఇక ఆ బ్రాకెట్లలోని లైన్లు. ఎల్‌ఎస్ కొడితే ఫైలు కనిపిస్తోంది, నడిపితే అదే ఫైలు పేరు చెప్పి "నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అంటోంది, పది నిమిషాలు తెర వైపు చూస్తూ కూర్చున్నాను, ఈ పని నాకు రాదేమో అనిపించింది అని రాశావు. బాగుంది. ఎంత బాగుందంటే, దాన్ని బ్రాకెట్లలో దాచినందుకు నిన్ను నాలుగు తిట్టాలనిపించింది. నీ వ్యాసం అక్కడ మొదలుకావాలి.

కానీ అది ఈ ఎర్రర్ కాదు. చూడు, అక్కడ "వైల్ లోడింగ్" అన్న ముక్క లేదు. లోడర్ మాట్లాడలేదు, షెల్ మాట్లాడింది. ఎందుకంటే లేనిది లోడరే. ప్రతి డైనమిక్ ప్రోగ్రామ్ లోపలా తనకు ఏ లోడర్ కావాలో దాని పూర్తి దారి రాసి ఉంటుంది. 32 బిట్ ప్రోగ్రామ్ అయితే /లిబ్/ఎల్‌డీ-లైనక్స్.ఎస్‌ఓ.2. ఉత్త 64 బిట్ సిస్టమ్‌లో అది ఉండదు. జీలిబ్‌సీ బదులు మజిల్ అనే సీ లైబ్రరీ మీద నడిచే ఆల్పైన్ లైనక్స్‌లోకి జీలిబ్‌సీ ప్రోగ్రామ్ తెచ్చినా ఇదే గొడవ. కెర్నెల్ "ఆ ఫైలు లేదు" అంటుంది లోడర్‌ను ఉద్దేశించి, షెల్ దాన్ని నీ ప్రోగ్రామ్ పేరు పక్కన అచ్చేస్తుంది. ఫైల్ అనే కమాండ్ కొట్టి చూడు, ఇంటర్‌ప్రెటర్ అన్న మాట పక్కన ఆ దారి ఉంటుంది. అది నీ మెషీన్‌లో ఉందో లేదో చూసి నాకు రాయి.

అయిదు ప్రశ్నలు అడిగావు. ప్రచురించాలా అన్నదానికి జవాబు, ఇప్పుడే వద్దు. కంటెయినర్ల గురించి రాయాలంటే ఇంకో ఉత్తరం పడుతుంది. మిగతావి ఏమిటో కాగితం ఎక్కడో పెట్టాను.

సిమ్‌లింక్ భాగం మాత్రం తీసెయ్యకు. నువ్వు చేసిన పనిగా ఉంచి, దాని తర్వాత ఏ లైను వచ్చిందో కోలన్లతో సహా మొత్తం కింద రాయి.

ఆశీస్సులతో,
మీ మాస్టారు

తాజాకలం: లిబ్‌సీ లింకు కథ చదివి ప్రయత్నిద్దామని నీకు అనిపిస్తుందని తెలుసు. వర్చువల్ మెషీన్‌లో చెయ్యి. చెరిపేముందు స్నాప్‌షాట్ తీసుకో, రూట్ షెల్ రెండు తెరిచి పెట్టుకో. ఎస్‌ఎల్‌ఎన్ నీ సిస్టమ్‌లో ఉందో లేదో ముందే చూసుకో, అన్నింటిలోనూ ఉండదు.