గ్లాకోమా ఆపరేషన్: మందు వదిలే ఇంప్లాంట్ వచ్చేదాకా ఆగొచ్చా?

మీరు అడిగింది: నాన్నగారికి గ్లాకోమా (ఎక్కువగా కంట్లో ప్రెషర్ వల్ల చూపు నరం దెబ్బతినే జబ్బు) ఉందని చెన్నైలో ట్రాబెక్యులెక్టమీ, అంటే కంట్లో నీరు బయటికి జారేలా దారి చేసే ఆపరేషన్, చెయ్యాలన్నారు, ఆ దారి మచ్చ కట్టి మూసుకుపోవచ్చన్నారు. అలా మూసుకుపోకుండా లోపలే ఉండి కొద్దికొద్దిగా మందు వదిలే పాలిమర్ (ప్లాస్టిక్ లాంటి పదార్థం) ముక్కలు వస్తున్నాయట, అందాకా ఆగమంటారా అని.

ఆగకండి. ఆలోచన గట్టిదే కానీ, ఆస్పత్రికెళ్లి అడిగితే ఇవాళ పెట్టేసే వస్తువు కాదది. ఈలోపు కంటి ప్రెషర్‌కి పోయిన చూపు మళ్లీ రాదు. నేను డాక్టర్ని కాను. మా నాన్నగారికి ఇదే ఆపరేషన్ చెన్నైలో చేయించి, అంబత్తూరులో మా ఇంట్లో ఉంచుకుని చూసుకున్నాను. అప్పుడు డాక్టరుగారిని విసిగించి తెలుసుకున్నవే ఇవన్నీ.

మనకి కంటి ఆపరేషనంటే శుక్లాలే గుర్తొస్తాయి. చేయించుకున్నామా, నల్లద్దాలు పెట్టుకున్నామా, వారం తిరక్కుండా పేపర్ చదివేశామా. ఇది అలాంటిది కాదు. ఇక్కడ గాయం పూర్తిగా మానిందంటే ఆపరేషన్ ఫెయిలైనట్టే. తెల్లగుడ్డులో చిన్న కోత పెట్టి, కంట్లో ఊరే నీరు పైపొర కిందకి జారేలా దారి చేస్తారు. నీరు చేరినచోట కాస్త ఉబ్బుతుంది, దాన్నే బ్లెబ్ అంటారు. డాక్టరుగారు పైరెప్ప ఎత్తి "కిందకి చూడండి" అన్నప్పుడు నేనూ తొంగి చూశాను. నల్లగుడ్డు పైఅంచున పాలిపోయిన బొబ్బలా ఉంది. మనకది దారి, ఒంటికి మాత్రం గాయమే. కణాలు చేరి పీచు అల్లి మూసేయాలనే చూస్తాయి.

దాన్ని ఆపడానికే ఆపరేషన్ మధ్యలో మైటోమైసిన్-సి వాడతారు. అసలది క్యాన్సర్ మందు. మిల్లీలీటరుకి 0.2 నుంచి 0.4 మిల్లీగ్రాములు కలిపి, స్పాంజి ముక్కల్ని తడిపి, రెండు మూడు నిమిషాలు పొర కింద ఉంచి తీసేసి కడిగేస్తారు. కొందరు ఇంజెక్షన్‌గా ఇస్తారు. చిక్కు ఇక్కడే ఉంది. మందు పెట్టేది నిమిషాలు, మచ్చ కట్టడం సాగేది వారాలు, నెలలు. పోనీ మోతాదు పెంచుదామంటే పొర పల్చబడి నీరు కారొచ్చు, ప్రెషర్ మరీ పడిపోవచ్చు, ఏళ్ల తర్వాత కూడా ఇన్ఫెక్షన్ రావచ్చు.

మీరు చదివిన పాలిమర్ ఈ చిక్కు విప్పడానికే. ఎక్కువగా వినపడే పేరు పీఎల్‌జీఏ. కరిగిపోయే కుట్లదారం జాతిదే. లాక్టిక్, గ్లైకాలిక్ ఆమ్లాల పాళ్లు మార్చి, అది వారాల్లో కరగాలో నెలల్లో కరగాలో ముందే కుదుర్చుకోవచ్చు. కంట్లో ఇది కొత్తేం కాదు. రెటీనా వాపుకి ఇచ్చే ఓజుర్డెక్స్ ఇదే పదార్థం, 0.7 మిల్లీగ్రాముల డెక్సామెథసోన్‌తో. మచ్చ కట్టనివ్వని మందుల్ని ఇలా ఇముడ్చిన ప్రయోగాలు చాలావరకు కుందేళ్ల మీద జరిగాయి. కుందేలు కంట్లో గాయం చాలా త్వరగా మానిపోతుంది కాబట్టి అక్కడ నిలబడితే గట్టి పరీక్షే. అయినా కుందేలు కుందేలే.

పేర్లు చూసి పొరబడొద్దు. 2020లో అమెరికాలో అనుమతి వచ్చిన డ్యూరిస్టా, 2023లో వచ్చిన ఐడోస్ కూడా మందు వదిలేవే, కానీ అది ప్రెషర్ తగ్గించే మందు, మచ్చకి కాదు. ఓలోజెన్ మన సర్జన్లూ వాడతారు. అది కరిగిపోయే కొల్లాజెన్ ముక్క, దానంతట దాంట్లో మందేమీ ఉండదు.

ఇప్పటికి మీ చేతిలో ఉన్నది ఆపరేషన్ తర్వాతి వారాలు. నన్నడిగితే సగం ఆపరేషన్ అప్పుడే జరుగుతుంది. స్టెరాయిడ్ చుక్కలు మొదట్లో రోజుకి చాలాసార్లు వెయ్యాలి, తర్వాత నెమ్మదిగా తగ్గిస్తారు. అమ్మ పట్టిక గీసి ఫ్రిజ్‌కి అతికించి, వేసినప్పుడల్లా పెన్సిల్‌తో టిక్కు పెట్టేది. నాన్నగారేమో "కన్ను బానే ఉంది గదరా, సూళ్లూరుపేట బండెక్కించు" అని ఒకటే పోరు. పంపలేదు, అదే మేలైంది. ఒక చెకప్‌లో ప్రెషర్ మళ్లీ ఎక్కుతోందని, నీరు ఇంకాస్త జారేలా కంటికి చిన్న లెన్స్ ఆనించి లేజర్‌తో ఒక కుట్టు తెంచారు. కుర్చీలో కూర్చోబెట్టే చేశారు, నొప్పి కూడా తెలియలేదన్నారు. ఊళ్లో ఉండుంటే ఆ అదను దాటిపోయేది. మచ్చ కడుతున్నట్టనిపిస్తే 5-ఎఫ్‌యూ అనే మచ్చని ఆపే మందు ఇంజెక్షన్, సూదితో పీచు విడదీయడం లాంటివీ ఉన్నాయి, కానీ అవీ వేళకి జరగాలి. మీ నాన్నగారు దూరం నుంచి వస్తుంటే కనీసం ఆ మొదటి నెలన్నర చెన్నైలోనే గది చూడండి.

డాక్టరుగారిని ఇదీ అడగండి: ఏళ్లుగా వేస్తున్న చుక్కల్లో నిల్వ ఉంచే రసాయనం ఉందా అని. అది కంటి పైపొరని రేపి మచ్చ కట్టే అవకాశం పెంచుతుంది, కొందరికి ఆపరేషన్ ముందే మందు మారుస్తారు. మీ అంతట మీరు మాత్రం ఆపొద్దు. ఇక ఆపరేషన్ అయ్యి ఎన్నేళ్లైనా సరే, ఆ కన్ను ఎర్రబడి నొప్పిగా ఉన్నా, చూపు మసకబారినా, పుసి కట్టినా మెడికల్ షాపు చుక్కలతో సరిపెట్టకుండా అదే రోజు ఆస్పత్రికి తీసుకెళ్లండి.