క్లాసులో నోరు పెగలని తమ్ముడికి

"అక్కా, బ్యాచిలర్స్ చదవడానికి ఆగస్టులో అమెరికా వచ్చాను. ఆరు వారాలైంది. క్లాసులో ఒక్కసారి కూడా నోరు తెరవలేదు. గ్రూప్ ప్రాజెక్టులో నా వంతు పని చేసేస్తాను గానీ మాట్లాడేది మిగతావాళ్ళే. డార్మ్‌లో అందరూ జట్లు జట్లుగా తిరుగుతున్నారు. నాకు ఎవరూ లేరు. నేనిక్కడ నెగ్గుకురాగలనా?"

వస్తావు తమ్ముడూ. నీకు ధైర్యం చెప్పాలని అంటున్న మాట కాదిది. ఇరవై ఏళ్ళ కిందట నేనూ ఇలాంటి క్లాసులోనే కూర్చున్నాను. ఒకరోజు ప్రొఫెసర్ అడిగిన ప్రశ్నకి జవాబు నా నోట్‌బుక్‌లో ఉంది, కింద గీత కూడా గీసుకున్నాను. ఇంగ్లీషులో వాక్యం పేర్చుకుని, తప్పులున్నాయేమోనని మనసులో రెండుసార్లు చదువుకునేలోపు పక్క వరుసలో అబ్బాయి చెయ్యెత్తి సగం తప్పుగా చెప్పేశాడు. ఆ సగం తప్పు మీదే క్లాసంతా పదినిమిషాలు చర్చ నడిచింది. నా సరైన జవాబు నోట్‌బుక్‌లోనే ఉండిపోయింది. ఆ రాత్రి చాలాసేపు ఏడ్చాను.

అప్పుడు నేను చేసిన పొరపాటు ఏమిటంటే, ముందు ఈ బిడియం పోవాలి, ఆ తర్వాతే మాట్లాడాలి అనుకోవడం. బిడియం పోలేదు, ఇప్పటికీ ఉంది. అది ఉండగానే పని జరిగే దారులు కొన్ని ఉన్నాయి. వాటిలో అన్నిటికంటే మంచిది ఆఫీస్ అవర్స్.

ఆఫీస్ అవర్స్ అంటే ప్రొఫెసర్ తన పని చేసుకునే టైమ్ అనీ, వెళ్తే డిస్టర్బ్ చేసినట్టవుతుందనీ నేను అనుకునేదాన్ని. మనవాళ్ళు చాలామంది అలాగే అనుకుంటారు. నిజానికి అది మీకోసమే పక్కన పెట్టిన టైమ్. ఏ రోజు, ఏ గది అన్నది కోర్సు మొదట్లో ఇచ్చే వివరాల కాగితం, అంటే సిలబస్‌లోనే రాసి ఉంటుంది. పరీక్ష ముందు వారం జనం ఎక్కువుంటారు కాబట్టి మామూలు వారంలో వెళ్ళు. రెండు ప్రశ్నలు కాగితం మీద రాసుకుని వెళ్ళు. మొదటి వాక్యం కూడా రాసుకో: "నేను మీ మంగళవారం క్లాసులో ఉంటాను, మూడో ప్రాబ్లమ్‌లో రెండో స్టెప్ దగ్గర ఆగిపోయాను." కాగితం చూసి చదివినా ఎవరూ ఏమీ అనుకోరు. ప్రొఫెసర్ అంటే మరీ భయంగా ఉంటే ముందు ప్రొఫెసర్‌కి సాయం చేసే టీచింగ్ అసిస్టెంట్ (టీఏ) దగ్గరికి వెళ్ళు. వాళ్ళూ స్టూడెంట్లే. వంద మంది ముందు రాని మాట ఒక్కరి ముందు వస్తుంది. పైగా, నీ పేరు తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే ఆ వంద మంది క్లాసు కూడా కాస్త చిన్నదైనట్టు అనిపిస్తుంది.

సిలబస్‌లోనే ఇంకోటి చూడు, పార్టిసిపేషన్‌కి మార్కులున్నాయా అని. ఉంటే, క్లాసులో మాట్లాడటం కష్టంగా ఉందని ప్రొఫెసర్‌కి నాలుగు లైన్ల మెయిల్ పెట్టి, ఆన్‌లైన్ డిస్కషన్‌లో రాస్తే లెక్కలోకి వస్తుందా అని అడుగు. క్లాసులోనే మాట్లాడక తప్పకపోతే మొదటి పది నిమిషాల్లోనే మాట్లాడేసెయ్. ఆగేకొద్దీ టెన్షన్ పెరుగుతుందే తప్ప తగ్గదు. జవాబే చెప్పాలని లేదు, చిన్న ప్రశ్న అడిగినా చాలు.

ఇక స్నేహితుల మాట. 2018లో జెఫ్రీ హాల్ అనే పరిశోధకుడు కొత్తగా కాలేజీలో చేరినవాళ్ళని, కొత్త ఊళ్ళకి మారినవాళ్ళని పరిశీలించి ఒక లెక్క చెప్పాడు. పరిచయస్థులు ఒక మోస్తరు స్నేహితులు కావడానికి కలిసి గడిపిన సమయం సుమారు 50 గంటలు పడుతుందట, దగ్గరి స్నేహితులు కావడానికి 200 గంటలు పైనే. వారానికి మూడు గంటల క్లాసులో పక్కపక్కన కూర్చుంటే ఆరు వారాలకి ఎన్ని గంటలవుతాయో నువ్వే లెక్కేసుకో. కాబట్టి నీలో లోపం ఏమీ లేదు, ఇంకా టైమ్ కాలేదు, అంతే.

ఆ గంటలు పోగు చేసుకోవడానికి పార్టీలకి వెళ్ళక్కర్లేదు. ఒకే సీట్లో కూర్చో, ఒకే ల్యాబ్ పార్ట్‌నర్‌తో పనిచెయ్, ఒకే స్టడీ గ్రూప్‌కి ప్రతివారం వెళ్ళు. 1992లో అచ్చయిన ఒక ప్రయోగంలో నలుగురు అమ్మాయిల్లో ముగ్గురు ఒక కాలేజీ క్లాసుకి ఎవరితోనూ మాట్లాడకుండా ఒక్కొక్కరు ఒక్కో లెక్కన కొన్నిసార్లు వెళ్ళివచ్చారు, ఒకరు అసలు వెళ్ళలేదు. ఎక్కువసార్లు వచ్చిన అమ్మాయే మిగతా స్టూడెంట్లకి ఎక్కువ నచ్చింది. అంటే నువ్వు మౌనంగా కూర్చున్న రోజులు కూడా వృథా పోవడం లేదు. క్యాంపస్ ఉద్యోగం దొరికితే ఇంకా మంచిది. ఎఫ్‌-1 స్టూడెంట్ వీసా మీద సెమిస్టర్ నడుస్తున్నప్పుడు క్యాంపస్‌లో వారానికి 20 గంటల వరకు చేయొచ్చు. లైబ్రరీ డెస్క్ దగ్గర ఏం మాట్లాడాలో వెతుక్కునే పని ఉండదు, వచ్చినవాళ్ళే అడుగుతారు. నా ఇంగ్లీషు తడబాటు తగ్గింది అక్కడే.

మాట్లాడి వచ్చాక "ఛ, పిచ్చిగా వాగానేమో" అని రాత్రంతా మనసులో తిప్పుకుంటావు చూడు, దాన్ని మాత్రం నమ్మకు. ఎదుటివాళ్ళకి మనం ఎంత నచ్చామో మనం తక్కువగానే ఊహిస్తామని 2018లోనే వచ్చిన ఇంకో పరిశోధన చెప్పింది. కాలేజీ హాస్టల్లో కలిసి ఉంటున్న ఫస్ట్ ఇయర్ వాళ్ళలో కూడా ఈ తప్పు అంచనా నెలల తరబడి సాగిందట.

ఒక్క విషయంలో మాత్రం గట్టిగా చెబుతున్నాను. భయంతో క్లాసులు ఎగ్గొట్టే దాకా వస్తే, ఎవరికీ చెప్పకుండా కోర్సు డ్రాప్ చేయొద్దు. బ్యాచిలర్స్‌లో సెమిస్టర్‌కి కనీసం 12 క్రెడిట్లు ఉండాలి. అంతకంటే తగ్గించుకోవాలంటే ముందే ఇంటర్నేషనల్ ఆఫీసులో విదేశీ విద్యార్థుల వ్యవహారాలు చూసే అధికారి, అంటే డీఎస్‌ఓ అనుమతి తీసుకోవాలి, లేకపోతే వీసా స్టేటస్‌కే ముప్పు. అనుమతి ఇవ్వదగ్గ కారణాల్లో మొదట్లో ఇంగ్లీషుతో ఇబ్బంది, ఇక్కడి బోధన పద్ధతి అలవాటు లేకపోవడం కూడా ఉన్నాయి. అంటే నీ కష్టం చట్టానికి కూడా తెలుసు. చదువు ఇబ్బందుల పేరుతో ఈ సడలింపు ఒక డిగ్రీకి ఒక్కసారే ఇస్తారు, అప్పుడైనా సగం కోర్సులు చదవాల్సిందే.

డైనింగ్ హాల్‌కి వెళ్ళలేక తిండి మానేయడం, తలుపు దగ్గరికి వెళ్ళేసరికి గుండె దడదడలాడి వెనక్కి రావడం లాంటివి ఉంటే అది వట్టి బిడియం కాదు. క్యాంపస్ కౌన్సెలింగ్ సెంటర్‌లో అపాయింట్‌మెంట్ తీసుకో. ప్రాణాపాయం లాంటి పరిస్థితి ఉంటే తప్ప, నువ్వు చెప్పినవి మామూలుగా నీ ప్రొఫెసర్లకీ ఇంట్లోవాళ్ళకీ చేరవు. నేను వెళ్ళడానికి రెండేళ్ళు ఆగాను. నువ్వు ఆగొద్దు.

ఈ వారం ఒక్క పనే పెట్టుకో. అన్నిటికంటే నీకు బాగా అర్థమవుతున్న సబ్జెక్టు ఎంచుకుని, దాని ఆఫీస్ అవర్స్‌కి కాగితం పట్టుకుని వెళ్ళు. వెళ్ళొచ్చాక ఎలా జరిగిందో నాకు రాయి.